ఇంగ్లీషు మాటకు చెక్క దెబ్బ

మా అన్న కూతురు తిరపతిలో కంప్యూటరు చదువులో చేరిన ఏడు, ఒక ఆదివారం ఊరికి వచ్చి, చేతిసంచి కూడా దించకుండా నన్ను అడిగింది: "సిన్నాయనా, మ్యాంగోకి ఎన్ని దెబ్బలు?"

నేను వసారాలో కూర్చుని చెక్కలకు మువ్వలు బిగిస్తున్నాను. "ఎవురిని కొట్టాల?" అన్నాను.

"కొట్టేది కాదు. నువ్వు భజనలో పాటకు అడుగు ఏస్తావే, ఆ మాదిరి. మ్యాంగో అనే మాటకు ఎన్ని పడతాయి?"

"మ్యాం, గో. రెండు. దీనికి తిరపతి దాకా పోయి సదవాల్నా?"

"నాకు తెలుసు సిన్నాయనా. మిషనుకు తెలీదు. దానికి నేను నేర్పాల."

మువ్వలు పక్కన పెట్టేశాను. ఎనభైల్లో మాట ఇది. కంప్యూటరు అనే పేరు వినడమే గాని, పూతలపట్టు చుట్టుపక్కల దాన్ని చూసినవాడు లేడు. అది అన్నీ తెలిసిన మిషను అని రచ్చబండ దగ్గర చెప్పుకునేవాళ్లు. అటువంటిదానికి మ్యాంగో తెలియదట. మా ఇంటి పిల్ల నేర్పుతుందట. ఆ రోజు నాకు సంగటి సయించలేదు. అంత సంబరం.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. చిన్నప్పుడు నన్ను బడికి పంపలేదు. పంపలేదంటే పంపలేదు, దానికి కథలు చెప్పను. ముప్పై దాటినాక ఊళ్లో పెద్దవాళ్ల బడి పెడితే పలక పట్టాను. అప్పటికే నేను చెక్కభజన గురువును. రెండు చేతుల్లో చెక్కలు, కాళ్లకు గజ్జెలు, వరుసగా నిలబడి పాటకు తగ్గట్టు అడుగు వేయడం. చుట్టుపక్కల నాలుగు ఊళ్లకు నేనే నేర్పేవాణ్ణి. కొత్త పాట ఎత్తుకుంటే ముందు రాగం తీసేసి మాటను ఒట్టిగా నడిపిస్తాను. నోరు ఒకసారి తెరిచి పలికిందానికి ఒక అడుగు, ఒక చెక్క దెబ్బ. అది కాలికి ఎక్కినాకే రాగం.

అక్షరాలు వచ్చాక, నోటికి వచ్చిన పాటలన్నీ రాసుకున్నాను. రాస్తుంటే తెలిసింది, తెలుగులో అక్షరాలు ఎన్నో అడుగులూ అన్నేనని. మామిడి అని రాస్తే మూడు, పలికితే మూడు. కంటికి కనిపించేదే కాలికి తగులుతుంది. లోకంలో రాతలన్నీ ఇట్లే ఉంటాయనుకున్నాను. ఇంగ్లీషు అట్లా కాదట. కనపడేది ఒకటి, వినపడేది ఒకటి. మా పాప కష్టమంతా అక్కడే.

ఆమె పని ఇది. ఇంగ్లీషు పుస్తకంలోంచి ఒక పేజీ టైపు కొట్టి ఇస్తే, చదివేవాడికి అది సులువా కష్టమా అని మిషను చెప్పాలి. పొడుగు మాటలు ఎక్కువుంటే కష్టం. మాట పొడుగును అక్షరాలతో కాదు, పలుకులతో కొలవాలని వాళ్ల మాస్టరు అన్నాడు. చదువు ముగిసేలోగా అక్కడ ప్రతి ఒక్కరూ ఇటువంటి ప్రోగ్రాం ఒకటి రాసి చూపించాలి. మద్రాసు నుంచి ఒకామె వచ్చి పరీక్ష చేస్తుంది. ఎవరిది ఆమెకు నచ్చితే వాళ్లను ఆ సంస్థలోనే పాఠం చెప్పడానికి ఉంచుకుంటారు. ఉండేది ఒక్కటే చోటు.

"రాకపోతే?" అన్నాను.

"నాయన సెప్పేసినాడు. చిత్తూరులో మామ రైసుమిల్లుకు పోయి రాతకోతలు సూసుకోవాల."

"ఆడ మాత్రం మిషను లేదా?"

"ఉండాది. అది బియ్యం ఆడతాది సిన్నాయనా. నేను సెప్పినట్టు ఇనదు."

ఆ చోటు మీద ఆమె ప్రాణమంతా పెట్టుకుందని ఆ మాటతో అర్థమైంది. మా అన్న మొండివాడు, అన్నాడంటే పంపేస్తాడు. నేను కూడా మొండివాణ్ణే. ఈ పని అయ్యేదాకా నేనూ దీంట్లో ఉంటానని చెప్పాను. ఆమె వద్దనలేదు. వద్దన్నా పోయేవాణ్ణి.

ఆ వారమే తిరపతి బస్సెక్కాను. సంస్థ ఒక మేడ మీద ఉంది. చెప్పులు బయటే వదలమన్నారు. లోపల మంచుగడ్డల అంగడిలా చల్లగా ఉంది. టీవీ పెట్టెలాంటిది ఒకటి, దాని ముందు టైపు మిషను మాదిరి మీటలు. పాప మ్యాంగో అని ఒక్కో అక్షరం కొట్టింది. చివర ఒక పెద్ద మీట నొక్కింది. తెర మీద పచ్చగా రెండు అంకె వచ్చి నిలబడింది.

"మళ్లా కొట్టు," అన్నాను. మళ్లీ రెండే వచ్చింది. పక్క మిషను దగ్గర కూర్చున్న కుర్రవాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వనీ.

"ఎట్లా తెలిసింది దానికి?"

"ఏ, ఈ, ఐ, ఓ, యూ. ఈ ఐదు అక్షరాలు యాడుంటే ఆడ నోరు తెరుస్తాము. వాటిని లెక్కబెట్టమన్నాను. రెండు పక్కపక్కనే ఉంటే ఒకటిగా పట్టుకోమన్నాను."

"అంతేనా? అయితే అయిపోయినట్టే గదా."

"ఇప్పుడు సూడు," అని నిమ్మకాయ మాట కొట్టింది. ఎల్, ఐ, ఎం, ఈ. రెండు వచ్చింది. లైమ్, ఒకటే రావాలట. చివర ఉన్న ఈ రాతకే గాని పలకదట.

"పలకని దాన్ని ఎందుకు రాసినారు?"

"అది నన్ను అడిగితే ఎట్లా సిన్నాయనా?"

చివర ఈ ఉంటే లెక్కించొద్దని మిషనుకు ఒక వరుస రాసింది. లైమ్ ఒకటి అయింది. నేను తొడ చరిచాను. ఆమె మాత్రం ఊరుకోకుండా హీ, షీ, మీ అని కొట్టింది. మూడింటికీ సున్నా వచ్చింది. ఆ మాటల్లో ఉండేదే చివరి ఈ, దాన్ని తీసేస్తే ఇంక ఏమీ మిగల్లేదు. అతను లేడు, ఆమె లేదు, నేనూ లేను. ఇద్దరం కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వాం. సున్నా వస్తే ఒకటి చేసుకో అని ఇంకో వరుస రాసింది. టేబుల్ కొడితే ఒకటి వచ్చింది, రెండు రావాలి. దానికి ఇంకో వరుస. సింహానికి లయన్, రెండు రావాలి, ఒకటి వచ్చింది. ఐ, ఓ పక్కపక్కన ఉంటే విడగొట్టమని రాసింది. లయన్ బాగుపడింది. వెంటనే స్టేషన్ చెడిపోయింది, దాంట్లోనూ అవే రెండు అక్షరాలు ఉన్నాయట. దానికి మళ్లీ ఇంకో వరుస.

చెరుకు తోటకు నీళ్లు కట్టేవాడికి ఇది కొత్త కాదు. ఒక మడవ కడితే ఇంకోచోట గట్టు తెగుతుంది. పారతో అటు పరుగెత్తు, ఇటు పరుగెత్తు. పాప పరుగంతా కుర్చీలో కూర్చునే. చూస్తున్న నాకు చెమట పట్టింది, ఆ చలిలో.

సాయంత్రం వాళ్ల మాస్టరు వచ్చి చూశాడు. ఆయన చిత్తూరు వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. బిజినెస్ అని కొట్టాడు. మూడు వచ్చింది. "సూడు పాపా, బిజ్‌నెస్ అని రెండే పలుకుతాము. రాతను నమ్ముకుంటే మునిగిపోతావు. నోరే నిజం. ముందు మనుషుల నోటి నుంచి లెక్క తీసుకో, దాని పక్కన మిషను లెక్క పెట్టు. యాడ తేడా వస్తే ఆడ సరిసెయ్," అన్నాడు.

నోటి లెక్క కావాలంటే నాకంటే ఎవరున్నారు? మా ఇంటి ముందర భజన జట్టును నిలబెట్టాను. గజ్జెలు కట్టించాను, చెక్కలు ఇచ్చాను. పాప అరుగు మీద కూర్చుని ఒక్కో ఇంగ్లీషు మాట చెప్తుంది. జట్టు దాన్ని నడుస్తుంది. నేను లెక్క చెప్తాను. ఆ మాదిరి భజన ఏ ఊళ్లోనూ జరిగి ఉండదు. సోడా, ఘల్లు ఘల్లు, రెండు. రోడ్డు, రెండు. టికెట్టు, మూడు. బ్యాంకు, రెండు. ఆడవాళ్లు పని మానుకుని గోడల మీదికి వంగి చూశారు.

స్టేషన్ దగ్గర గొడవ లేచింది. సోడాలు అమ్మే అతను మూడు అడుగులు వేశాడు. కూడలిలో టీ అంగడి పెట్టుకున్న అతను నాలుగు వేశాడు. చెక్కలు చెక్కలకు తగిలాయి.

"టేసను. మూడే గదప్పా," అన్నాడు సోడా అతను.

"ఇస్టేసను. నువ్వు టికెట్టు లేకుండా పొయ్యేవాడివి, నీకు సగం మాట సాలు," అన్నాడు టీ అతను.

"నువ్వు టికెట్టు కొని పొయ్యేది యాడికి, మీ అత్తగారి ఊరికి. అంత రొక్కం పెట్టి పోతే నీళ్లు కూడా ఇయ్యరు."

"గురువా, సెప్పు నువ్వు."

నాలుగు అని తీర్పు చెప్పాను. పాప రాసుకుంది. ఆ తర్వాత బస్సు అనే మాట వచ్చింది. జట్టంతా రెండు అడుగులు వేసింది, తేడా లేకుండా. పాప రాయడం ఆపింది.

"సిన్నాయనా, నాకెందుకో ఇది ఒకటే అనిపిస్తాది. పుస్తకంలో లెక్కకు ఒకటే వస్తాది."

"ఒకటేస్తే రెండో కాలు యాడ పెడతావు? గాల్లోనా? బస్‌, సు. విను," అని నేనే వేసి చూపించాను. మీ మాస్టరు బస్సును ఏమంటాడు అని అడిగాను. బస్సు అనే అంటాడు అంది. "నోరే నిజం అన్నాడా లేదా?" అన్నాను. రెండు అని రాసుకుంది.

తిరపతికి పోయి ఆ లెక్క పక్కన మిషను లెక్క పెడితే సగానికి సగం తప్పు. పాప మొగం వాడిపోయిందని, అన్నం తినలేదని, ఆమెతో హాస్టల్లో ఉండే అమ్మాయి మా ఊరి మనిషితో చెప్పి పంపింది. నేను బయలుదేరేలోపే పాపే వచ్చింది. వాడిపోలేదు, వెలిగిపోతోంది. తప్పులన్నీ ఒక దారిలో ఉన్నాయట. మాట చివర ఆ ఐదు అక్షరాల్లో ఏదీ వినపడకపోతే మన నోరు ఒకటి కలుపుతుంది. బస్సు, రోడ్డు, బల్బు, లైటు. ముందర ఎస్ వచ్చి దాని పక్కన ఇంకో హల్లు ఉంటే మన నోరు ఇంకొకటి కలుపుతుంది. ఇస్కూలు, ఇస్టేసను. ఈ రెండూ మిషనుకు రెండు వరుసల్లో రాసింది. అంతే, జట్టు లెక్కా మిషను లెక్కా దాదాపు ఒక్కటైపోయాయి. మాస్టరు చూసి, భలే అన్నాడట. నేను జట్టుకు బెల్లం పంచాను. మా అన్న ఒక ముక్క నోట్లో వేసుకుని, "పరీక్ష కాకముందే పంచేవాణ్ణి నిన్నే సూసినాను రా," అన్నాడు.

పరీక్ష రోజు మా అన్నకు చిత్తూరులో మామిడికాయల బేరం ఉంది. నేను పోయాను. సంస్థ వసారాలో బల్ల మీద కూర్చోబెట్టారు. తలుపుకు అద్దం ఉంది, అంతా కనపడుతోంది, తలుపు ఓరగా ఉంది కాబట్టి వినపడుతోంది కూడా. మద్రాసు నుంచి వచ్చినామె నా వయసుదే. నూలు చీర, కళ్లద్దాలు. ముందర ఒక అబ్బాయి జీతాల లెక్క చూపించాడు. ఇంకో అబ్బాయి సత్రం గదుల లెక్క చూపించాడు. రెండింటికీ ఆమె తల ఊపింది. మూడోది మా పాప.

మద్రాసామె మ్యాంగో కొట్టింది, రెండు. టేబుల్ కొట్టింది, మూడు వచ్చింది. ఆమె కనుబొమలు ముడిచింది. బస్ కొట్టింది, రెండు. స్టేషన్ కొట్టింది, నాలుగు. నేను బయట కూర్చుని నాలుగు రావడం చూసి చప్పట్లు కొట్టబోయాను. ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ లెక్క ఎవరిచ్చారమ్మా?"

"మా సిన్నాయన," అంది పాప. తలుపు వైపు చూపించింది.

నన్ను లోపలికి పిలిచారు. పోయాను. "బస్సుకు రెండే మేడం," అన్నాను, ఆమె అడగకముందే.

"మీరు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చెప్పండి."

పెట్టుకుని చెప్పాను. గడ్డం రెండుసార్లు చేతికి తగిలింది. చూశావా అన్నట్టు ఆమె వైపు చూశాను. ఆమె తన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "బస్," అంది. అంతే. పెదాలు అక్కడే ఆగిపోయాయి. ఒకసారే తగిలింది. నేను మళ్లీ అనమన్నాను. మళ్లీ ఒకటే. ఆమె నోట్లో రెండో కాలు నేల మీద పడనే లేదు, అయినా ఆమె తూలిపోలేదు.

"మీ గడ్డం ఒకసారే దిగింది," అన్నాను. ఉన్నదాన్ని లేదనే అలవాటు నాకు లేదు.

"ఇంగ్లీషు వాళ్ల గడ్డం ఒకసారే దిగుతుంది. ఈ అమ్మాయి చేసింది ఇంగ్లీషు పుస్తకాల కోసం కదా?"

మాస్టరు నేల చూస్తున్నాడు. ఆయనదీ రెండుసార్లు దిగే గడ్డమే. ఆ గదిలో మా పాప చోటు పోతోంది, దాన్ని తోసింది మా జట్టు అడుగులు. నేను ఏదో అనబోయాను. పాప చెయ్యి అడ్డం పెట్టింది.

"మేడం, ఆ రెండు వరుసలు విడిగానే ఉన్నాయి. తీసేస్తాను, చూడండి," అని మీటల మీద వేళ్లు పరిగెత్తించింది. బస్ కొట్టింది. ఒకటి. స్టేషన్ కొట్టింది. రెండు. టేబుల్ కూడా రెండు. గాలి పీల్చుకున్నాను.

మేడం వదల్లేదు. చాక్లెట్ కొట్టింది. మూడు వచ్చింది. "ఇది రెండు రావాలి," అంది.

"మూడే కదండీ, చాకొలెట్," అన్నాడు మాస్టరు, ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం.

"చాక్లెట్," అంది ఆమె గబగబా. తర్వాత నిదానంగా, "చాకొలెట్," అంది. గడ్డం కింద ఉన్న తన చేతిని తనే చూసుకుంది. ఆమెకే ఒకసారి రెండు, ఒకసారి మూడు వచ్చింది. నవ్వేసింది. జీతాల అబ్బాయి, సత్రం అబ్బాయి, అందరూ గడ్డాలు పట్టుకుని చాక్లెట్ చాక్లెట్ అనడం మొదలుపెట్టారు. కొందరికి రెండు, కొందరికి మూడు. అంత చదువుకున్న గదిలో ఒక్క మాట కుదరలేదు. నాకు మా ఇంటి ముందర ఇస్టేసను గొడవ చూస్తున్నట్టే ఉంది.

"మరి మిషనుకు ఏది చెప్పాలమ్మా?" అంది మేడం పాపతో. పరీక్ష మాటలా లేదు అది, నిజంగా అడిగినట్టే ఉంది.

"మేడం, టీ తాగి రండి," అంది మా పాప. నేను అదిరిపోయాను. పెద్దామెను పొమ్మంటుందా అని. ఆమె మాత్రం మాస్టరును వెంటబెట్టుకుని లేచి పోయింది.

వాళ్లు టీ తాగి వచ్చేసరికి తెర మీద, మాట కొట్టే ముందే, మిషను ఒక ప్రశ్న అడుగుతోంది. పాప నాకు తెలుగులో చెప్పింది: ఎవరి నోటికి లెక్క? ఇంగ్లీషు వాళ్ల నోటికైతే ఒకటి నొక్కాలి, మన నోటికైతే రెండు నొక్కాలి. తీసేసిన ఆ రెండు వరుసల్నీ మళ్లీ తెచ్చి ఆ రెండో దారిలో పెట్టింది. మేడం ఒకటి నొక్కి బస్ కొట్టింది, ఒకటి. రెండు నొక్కి బస్ కొట్టింది, రెండు. స్టేషన్ అటు రెండు, ఇటు నాలుగు. పదే పదే కొట్టి చూసింది, చిన్నపిల్ల గిలక్కాయ ఊపినట్టు. నేను ఆమె వెనకాల నిలబడి ఒక్కోదానికి కాలు వేస్తున్నానని ఎవరో గజ్జెలు లేని ఆ చప్పుడు విని తిరిగి చూసేదాకా నాకే తెలియదు.

"చాక్లెట్‌కి ఇప్పుడూ మూడే వస్తోంది," అంది మేడం.

"వస్తాది మేడం. దానికి ఇంకా దారి దొరకలేదు. బిజినెస్ కూడా కుదరలేదు," అంది పాప, దాచకుండా.

మేడం మాస్టరు వైపు తిరిగింది. "జీతాల లెక్కలు ఏ ఊరికి పోయినా చూపిస్తున్నారు. ఇది నేను ఎక్కడా చూడలేదు. ఈ అమ్మాయినే పెట్టుకోండి. పిల్లలకు ఏది తప్పు వస్తుందో కూడా చెప్తుంది," అంది.

మాస్టరు చేతులు కట్టుకుని, "సోమవారం నుంచి వచ్చేయ్ పాపా," అన్నాడు. నేను వసారాలోకి పోయి, అక్కడ ఎవరూ లేరు కాబట్టి, గట్టిగా నాలుగు అడుగులు వేశాను. కింద అంగడివాళ్లు పైకి చూశారు.

సంతోషంగా ఇంటికి పోదాం, మీ నాయనకు చెప్పి ఆయన మొగం చూద్దాం అని లోపలికి పోయి పిలిచాను. అందరూ వెళ్లిపోయారు. పాప మళ్లీ మిషను ముందర కూర్చుంది. బిజినెస్ కొట్టింది. మూడు.

"ఇంక రా మే. బస్సు పోతాది."

"ఇంకో బస్సు ఉండాది సిన్నాయనా. నువ్వు కూసో."

కూర్చున్నాను. ఆమె ఏదో వరుస రాస్తుంది, కొడుతుంది, నాలుక కరుచుకుంటుంది, మళ్లీ రాస్తుంది. బిజినెస్ రెండు అయింది, అప్పుడే ఇంకేదో మాట చెడిపోయింది. పొద్దు వాలుతుంటే కాపలా అతను తాళంచెవుల గుత్తి పట్టుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"పరీక్షలు అయిపోయినాయి గదప్పా. ఈ యమ్మ ఇంకా ఏమి సేస్తా ఉండాది?"

"ఇప్పుడే ఉద్యోగం వచ్చిందప్పా," అన్నాను. "కొంచేపు సెయ్యనీ."